పదిహేను మైళ్ళ అవతల బారో

ముందు చప్పుడు వస్తుంది. ఎటు నుంచో తెలియదు. పొగమంచు ఎంత దట్టంగా కమ్మిందంటే చప్పుడుకి దిక్కు కూడా లేకుండా పోయింది.

1935 ఆగస్టు 15, గురువారం, పొద్దు వాలే వేళ. మీరు అలాస్కా ఉత్తరపు కొసన, వలక్పా అనే చోట నిలబడి ఉన్నారు. ఎడమ చేతి వైపు ఆర్కిటిక్ సముద్రం. కుడి చేతి వైపు లోతులేని మడుగు. మధ్యలో గులకరాళ్ళ గట్టు, దాని మీద మీరు. చెట్టన్నది కనిపించదు, వందల మైళ్ళ దూరం దాకా కనిపించదు. నేలంతా నాచు, తడి గడ్డి. వేసవి నడిమిలో ఇక్కడ సూర్యుడు వారాల తరబడి అస్తమించనే అస్తమించడు. ఇప్పుడు రాత్రికి కొన్ని గంటలు కిందికి దిగుతున్నాడు కానీ పూర్తి చీకటి ఇంకా పడటం లేదు. ఈ వెలుగు పగటిదీ కాదు, రాత్రిదీ కాదు. పైగా మంచు తెర. ఆగస్టేగా అనుకుని వచ్చి ఉంటే ఈపాటికి మీ పళ్ళు కటకటలాడుతూ ఉంటాయి.

గట్టు పక్కన వేటకొచ్చిన వాళ్ళ గుడారాలు. క్లేర్ ఒక్‌పియాహా అనే ఇన్యుపియాట్ వేటగాడు భార్యాబిడ్డలతో సీల్ వేటకి వచ్చి ఇక్కడ మకాం వేశాడు. తలెత్తి వింటున్నాడు. విమానం ఇక్కడి వాళ్ళు ఎరగనిదేమీ కాదు, కానీ ఈ వాతావరణంలో పైన ఉండవలసింది కాదు. చప్పుడు దగ్గరికొస్తుంది, దూరమవుతుంది, మళ్ళీ వస్తుంది. పైనున్నవాడు దారి తప్పాడు, తీరం గీత కోసం వెతుకుతున్నాడు.

మంచులో ఒకచోట చిరుగు పడుతుంది. అందులోంచి ఎర్రటి విమానం కిందికి దిగుతుంది. చక్రాలుండాల్సిన చోట రెండు పెద్ద ఫ్లోట్లు. నీటిని చీల్చుకుంటూ మడుగులో వాలి, మెల్లగా గట్టు వైపు వచ్చి ఆగుతుంది. ఇంజిన్ ఆగిపోతుంది. ఈసారి ఆపిందే.

ఇద్దరు మనుషులు బయటికొస్తారు. ఒకడు పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. ఎడమ కంటికి గంత కట్టుకున్నాడు. ఇంకొకడు పొడగరి, వయసులో పెద్దవాడు, కాళ్ళకి బూట్లు. బారో ఊరు ఎంత దూరం, ఎటు అని అడుగుతారు. ఒక్‌పియాహా చెయ్యెత్తి ఈశాన్యంగా చూపిస్తాడు. తీరం పట్టుకుని పోతే పదిహేను మైళ్ళు, కాస్త అటూ ఇటూగా. ఆ మాట విన్నాక వాళ్ళ ముఖాలు ఎలా తేటపడి ఉంటాయో ఊహించవచ్చు. ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి పర్వతాలు దాటి దాదాపు 500 మైళ్ళు వచ్చారు. మిగిలింది పదిహేను. విమానానికి అది ఎంతసేపు? పది నిమిషాల పని కూడా కాదు.

వాళ్ళు మాట్లాడుకుంటూ ఉండగా మీరు ఆ విమానాన్ని తీరిగ్గా చూడండి. ఎందుకంటే జరగబోయేదంతా అందులోనే ఉంది.

దూరం నుంచి చూస్తే ముచ్చటగా ఉంటుంది. ఒళ్ళంతా ఎరుపు రంగు, పక్కన వెండి చార. దగ్గరికొచ్చి చూస్తే ఇది ఒక విమానం కాదు. ఒళ్ళు లాక్‌హీడ్ ఓరియన్‌ది. రెక్కలు లాక్‌హీడ్ ఎక్స్‌ప్లోరర్ అనే మరో మోడల్‌వి, ఓరియన్ సొంత రెక్కల కంటే పొడవైనవి. ఓరియన్ రెక్కల్లోకి చక్రాలు ముడుచుకుంటాయి. వాటి కింద ఫ్లోట్లు బిగించడం కుదరదు కాబట్టి ఆ రెక్కలు తీసేసి ఇవి పెట్టారు. ముక్కులో ఉండిన ఇంజిన్ తీసేసి, అంతకంటే పెద్దది, 550 అశ్వశక్తి ఉన్న ప్రాట్ అండ్ విట్నీ వాస్ప్ పెట్టారు. దానికి మూడు రెక్కల ప్రొపెల్లర్, బరువైనది. ఇక కింద ఫ్లోట్లు. ఈ విమానం కోసమని ఆర్డరు పెట్టిన జత సియాటెల్‌కి సమయానికి చేరలేదు. ఎదురు చూసే ఓపిక లేక, దొరికిన వేరే జత బిగించుకుని బయల్దేరారు. ఇవి పెద్దవి, బరువైనవి, ముందుకి బాగా పొడుచుకొచ్చినవి.

ఈ అతుకుల పని చెయ్యమని అడిగితే లాక్‌హీడ్ కంపెనీ వాళ్ళు కాదన్నారు. ఆ ఒంటికి ఈ రెక్కలు పెట్టడం ప్రమాదమని వాళ్ళ ఇంజినీర్లు చెప్పారు. చివరికి కాలిఫోర్నియాలో బర్‌బ్యాంక్‌లోనే వేరే వర్క్‌షాప్‌లో పని జరిగింది. ఆ మీదట ఫ్లోట్లు వచ్చి చేరాయి.

ఎద్దుబండికి బస్తాలు ఎత్తిన వాళ్ళెవరినైనా అడగండి, ముందు బరువంటే ఏమిటో చెబుతారు. బండి ముందు బరువైతే కాడి ఎద్దుల మెడల్ని నొక్కేస్తుంది. నడుస్తున్నంతసేపూ ఎద్దులు ఆ బరువు మోస్తూనే ఉంటాయి. అవి మోకాలు వంచాయా, బండి ముక్కు నేలకి కొడుతుంది. ఈ విమానం అచ్చంగా ముందు బరువు బండి. ఇక్కడ ఎద్దులు ఆ 550 అశ్వశక్తి ఇంజిన్. అది తిరుగుతున్నంతసేపూ ప్రొపెల్లర్ నుంచి వెనక్కి కొట్టే గాలి తోక మీదుగా పోతుంది, ఆ గాలి బలంతో తోక అదుపులో ఉంటుంది, ముక్కు లేచి ఉంటుంది. దించేటప్పుడు కూడా, దీన్ని నడిపే ఆ గంత కట్టుకున్న మనిషి ఇంజిన్‌ని పూర్తిగా తగ్గించకుండా కొంత పవర్ ఉంచి దించాల్సి వస్తోంది. అంటే ఇబ్బంది ఏమిటో అతనికి తెలుసు. ఈ వారం రోజులూ దాన్ని చేతి నేర్పుతో నెట్టుకొస్తున్నాడు. మంచి పైలట్ల దగ్గర ఉండే చిక్కే ఇది. విమానంలో ఉన్న లోపాన్ని వాళ్ళ చెయ్యి కప్పేస్తుంది.

అంతటి చెయ్యి ఎవరిదంటే, వైలీ పోస్ట్‌ది. ముప్పై ఆరేళ్ళవాడు. కుర్రవాడిగా ఓక్లహామా చమురు బావుల్లో కూలీ పని చేస్తూ 1926లో ఎడమ కన్ను పోగొట్టుకున్నాడు. వచ్చిన పరిహారంతో ఇంకొకడైతే పొలం కొనుక్కునేవాడు. ఇతను విమానం కొన్నాడు. ఒంటికన్నుతో దూరాలు అంచనా వెయ్యడం సొంతంగా సాధన చేసి నేర్చుకున్నాడు. 1931లో హరాల్డ్ గ్యాటీని దారి చూపడానికి పక్కన కూర్చోబెట్టుకుని ఎనిమిది రోజుల పదహారు గంటల లోపే భూమి చుట్టొచ్చాడు. రెండేళ్ళకి, 1933లో, ఒక్కడే చుట్టొచ్చాడు. ఒంటరిగా విమానంలో భూప్రదక్షిణ చేసిన మొదటి మనిషి. 7 రోజుల 18 గంటల 49 నిమిషాలు. ఆ తర్వాత గాలి పల్చబడే ఎత్తుల్లో ఎగరడానికి గుడ్‌రిచ్ టైర్ల కంపెనీ చేత రబ్బరు సూట్ కుట్టించుకున్నాడు. ఇవాళ అంతరిక్షంలోకి వెళ్ళేవాళ్ళు తొడిగే సూట్‌కి అది ముత్తాత. ఈ ప్రమాదం గురించి మాట్లాడేటప్పుడు కొంతమంది ఆ ఒంటికన్ను దగ్గర ఆగిపోతారు. నాకది అన్యాయమనిపిస్తుంది. ప్రపంచాన్ని రెండుసార్లు చుట్టిన కన్ను అది.

పొడుగాయన సంగతి చెప్పడం మరీ కష్టం. అలాంటి మనిషి ఇప్పుడు ఏ దేశంలోనూ లేడు. విల్ రోజర్స్, యాభై అయిదేళ్ళు. ఓక్లహామా రాష్ట్రం కాకముందు, అదింకా చెరోకీల భూమిగా ఉన్నప్పుడు అక్కడ పుట్టిన చెరోకీ రక్తపువాడు. తాడు తిప్పే విద్యతో సర్కస్‌లలో, నాటకశాలల్లో పేరు తెచ్చుకున్నాడు. తాడు తిప్పుతూ తిప్పుతూ మాటలు మొదలుపెట్టాడు. ఆ మాటలే అసలు విద్య అయ్యాయి. వందలాది దినపత్రికల్లో రోజూ నాలుగు వాక్యాల చురక రాస్తాడు. రేడియోలో మాట్లాడతాడు. 1934లో అమెరికా సినిమా హాళ్ళకి ఎక్కువ జనాన్ని రప్పించిన నటుడు ఇతనే. ప్రెసిడెంట్లని ఆటపట్టిస్తాడు, వాళ్ళు నవ్వి ఊరుకుంటారు. విమాన ప్రయాణమంటే జనం భయపడే రోజుల్లో టపా విమానాల్లో సంచుల మధ్య కూర్చుని దేశమంతా తిరిగినవాడు.

పోస్ట్‌కి అలాస్కా, సైబీరియాల మీదుగా రష్యాకి విమాన మార్గం ఎలా ఉంటుందో చూడాలని ఉంది. రోజర్స్‌కి రాయడానికి కొత్త సరుకు కావాలి. ఆగస్టు మొదటి వారంలో సియాటెల్ పక్కనున్న రెంటన్ దగ్గర సరస్సు మీద నుంచి లేచారు. జూనో, డాసన్, కెనడా ఉత్తరాన అక్లావిక్, అక్కడి నుంచి ఫెయిర్‌బ్యాంక్స్. మధ్యలో మటనుస్కా లోయకి వెళ్ళి, ప్రభుత్వం తెచ్చి దింపిన రైతు కుటుంబాలని పలకరించారు. వెళ్ళిన చోటల్లా రోజర్స్ రాసి పంపుతూనే ఉన్నాడు. విమానం లోపల సీట్లు చాలావరకు పీకేశారు. మిగిలిన చోట ఆయన, ఆయన సామాను, ఒక చిన్న టైప్‌రైటర్.

బారోలో చార్లెస్ బ్రోవర్ అనే ముసలి వర్తకుడున్నాడు. తిమింగలాల వేట రోజుల్లో, 1880లలో వచ్చి, ఆ మంచులోనే కాపురం పెట్టుకుని ఉండిపోయినవాడు. అతన్ని చూసి మాట్లాడాలని రోజర్స్ కోరిక. అందుకే ఈ చుట్టుదారి. ఫెయిర్‌బ్యాంక్స్‌లో పోస్ట్ స్నేహితుడు జో క్రాసన్ ఉన్నాడు. అలాస్కా ఆకాశం అతనికి ఇంటి పెరడంత తెలుసు. బారోలో మంచు కమ్మి ఉంది, ఆగండి అన్నాడు. ఆగలేదు. ఊరి పక్క చీనా నది మీద నుంచి నిండు పెట్రోలుతో లేవడానికి చోటు చాలదని, యాభై మైళ్ళ దూరంలోని హార్డింగ్ సరస్సుకి వెళ్ళి, అక్కడ ట్యాంకులు నింపుకుని ఉత్తరానికి తిరిగారు. పర్వతాలు దాటాక అంతా తెలుపే.

ఇదీ ఈ ఇద్దరూ మీ ముందు నిలబడేదాకా జరిగిన కథ.

ఇక బయల్దేరతారట. రోజర్స్ లోపలికి వెళతాడు. పోస్ట్ పైనున్న తన ఇరుకు సీట్లోకి దిగుతాడు. ఒక్‌పియాహా కుటుంబం గట్టు మీదే నిలబడి ఉంది. మీరు మాత్రం ఒక్క నిమిషం గట్టు వదిలి, పోస్ట్ భుజం మీద నుంచి చూడండి.

ఎదురుగా తొమ్మిది సిలిండర్ల ఇంజిన్, చుట్టూ గాలి తగిలితే చల్లబడే రకం. ఇంతసేపూ ఆగి ఉంది, కాబట్టి వేడి తగ్గింది. గాలిలో చెమ్మ నిండుగా ఉంది. పొగమంచంటే అదే కదా. ఇలాంటి గాలి కార్బ్యురేటర్‌లోకి పోతే ఏమవుతుందో పైలట్లందరికీ తెలుసు. ఇరుకు గొంతులోంచి గాలి దూసుకుపోయేటప్పుడు, దానిలోకి చిమ్మిన పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు, అక్కడ వేడి ఒక్కసారిగా పడిపోతుంది. ముప్పై డిగ్రీల దాకా పడిపోవచ్చు. బయట నీళ్ళు గడ్డకట్టేంత చలి లేకపోయినా లోపల మంచు పేరుకుంటుంది. గొంతు పూడుకుపోతుంది. ఇంజిన్‌కి ఊపిరాడదు. దీనికి విరుగుడుంది: వేడిగాలిని లోపలికి మళ్ళించాలి, ఇంజిన్‌ని కాసేపు తిప్పి బాగా కాగనివ్వాలి. ఎంతసేపు కాగనిచ్చాడో గట్టు మీద గడియారం పట్టుకుని చూసినవాళ్ళెవరూ లేరు. అవతల పదిహేను మైళ్ళలో పొయ్యి, వేడి కాఫీ, ముసలి బ్రోవర్ కబుర్లు.

ఇంజిన్ అందుకుంటుంది. ఆ కాసేపటి నిశ్శబ్దం తర్వాత మీ చెవులు గింగురుమంటాయి. విమానం మడుగు మధ్యకి పోయి, తిరిగి, గాలికెదురుగా నిలబడుతుంది. పూర్తి పవర్. ఫ్లోట్ల వెనక తెల్లటి నీటి చారలు. చారలు సన్నబడతాయి, తెగుతాయి. లేచింది.

ఫ్లోట్ల మీంచి కారే నీళ్ళు కూడా కనిపించేంత దగ్గరగా తల మీదుగా పోతుంది. ఎత్తు రెండు వందల అడుగులకి మించదు. ముక్కు పైకెత్తి కుడి వైపుకి వాలి తిరగడం మొదలుపెట్టింది. బారో అటే.

ఇంజిన్ దగ్గింది.

అంతే, ఆగిపోయింది.

ఇక్కడ చిన్న మాట చెప్పాలి. ఇంజిన్ ఆగినంత మాత్రాన విమానం రాయిగా మారి పడిపోదు. జనం అలా అనుకుంటారు కానీ అది నిజం కాదు. ఇంజిన్ ఆగితే విమానం జారుడుగా దిగుతుంది. పైలట్ చెయ్యాల్సింది ముక్కు కొంచెం దించి వేగం నిలుపుకోవడం, వెనక్కి తిరగాలనే ఆశ వదులుకుని ఎదురుగా ఏది ఉంటే దాని మీద దిగిపోవడం. మొదటి పాఠాల్లోనే నేర్పుతారు. పైగా పోస్ట్‌కి కింద నేల కాదు, నీళ్ళున్నాయి. విమానానికి ఫ్లోట్లున్నాయి. అన్నీ సవ్యంగా ఉన్న విమానమైతే మడుగులోనే చెంప మీద కొట్టినట్టుగా వాలి, తిట్టుకుంటూ, తడిసి ఒడ్డుకొచ్చేవాళ్ళు. రోజర్స్ మర్నాడు దాని మీద నాలుగు వాక్యాలు రాసేవాడు.

కానీ ఎద్దులు మోకాలు వంచాయి. తోక మీదుగా పోయే గాలి పోయింది. దానితో తోక పట్టు పోయింది. ఎక్కుతున్న విమానం, పైగా ఒక పక్కకి వాలి ఉన్నది, వేగం తక్కువ. ముందున్న బరువంతా కిందికి లాగింది. కంట్రోల్ కర్రని పొట్టదాకా లాగినా లేవని ముక్కు అది. సర్దుకోవడానికి ఎత్తు కావాలి. ఆ ఎత్తు లేదు.

ముక్కు నీళ్ళలోకి గుచ్చుకుంటుంది. కుడి రెక్క విరుగుతుంది. విమానం వెల్లకిలా తిరగబడుతుంది. మంట భగ్గుమని లేచి ఆరిపోతుంది. తర్వాత నీటి మీద పెట్రోలు రంగులు పరుచుకుంటాయి, వాసన గట్టుదాకా వస్తుంది. పైకి తేలి ఉన్నవి ఫ్లోట్లు. అంత పెద్ద యంత్రం బోర్లాపడ్డ చోట నీళ్ళ లోతు రెండు మూడు అడుగులే. మనిషి నిలబడితే మోకాళ్ళదాకానో, తొడలదాకానో వస్తాయి.

ఒక్‌పియాహా నీటి అంచుకి పరుగెత్తి కేకలు వేస్తాడు. మళ్ళీ వేస్తాడు. పలికేవాళ్ళు లేరు.

అతను చేసిన తర్వాతి పని గురించి ఎన్నిసార్లు చదివినా నాకు కాళ్ళు నొప్పి పుడతాయి. బారో వైపు తిరిగి పరుగు మొదలుపెట్టాడు. ఇందాక విమానానికి పది నిమిషాలు కూడా పట్టదనుకున్న ఆ పదిహేను మైళ్ళు. దారి లేదు. నేలంటే బురద, నీటి గుంటలు, కాలు వేస్తే కుంగిపోయే నాచు గడ్డలు. గట్టు మీద పోదామంటే గులకరాళ్ళు కాలికింద జారిపోతాయి. అడ్డంగా వాగులు. గంటల తరబడి పరుగెత్తి ఊరు చేరాడు.

బారోలో అమెరికా సైన్యం సిగ్నల్ కోర్ వాళ్ళ రేడియో కేంద్రం ఉంది. దాన్ని నడిపేది సార్జెంట్ స్టాన్లీ మోర్గన్. ఒడ్డున జనం గుమిగూడి ఉంటే ఏమిటా అని వచ్చాడు. మధ్యలో ఒక మనిషి వగరుస్తున్నాడు. ఊపిరి అందక, వచ్చిన కాస్త ఇంగ్లీషులో చెబుతున్నాడు: విమానం పేలిందని, లోపల ఇద్దరున్నారని. ఎవరు వాళ్ళు? పేర్లు తెలియవు. ఒకడు పెద్ద మనిషి, బూట్లు వేసుకున్నాడు. ఇంకొకడికి కంటి మీద గుడ్డ కట్టి ఉంది.

పోస్ట్, రోజర్స్ అలాస్కాలో తిరుగుతున్నారని మోర్గన్‌కి తెలుసు. కంటి మీద గుడ్డ అన్న మాటతో ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది.

మోర్గన్ చిన్న మోటారు బిగించిన తిమింగలాల వేట పడవ మాట్లాడి, ఊళ్ళో వాళ్ళని వెంటబెట్టుకుని బయల్దేరాడు. తేలే మంచుగడ్డల్ని తప్పించుకుంటూ, ఎదురు ప్రవాహంలో, గంటలపాటు. వాళ్ళు చేరేసరికి వేటగాళ్ళు రోజర్స్ శరీరాన్ని బయటికి తీసి, పక్షి ఈకల పరుపులో చుట్టి ఉంచారు. పోస్ట్‌ని తియ్యడం అంత తేలిక కాలేదు. ఇంజిన్ వెనక్కి నెట్టుకొచ్చి అతన్ని సీటుకి అదిమేసింది. విమానాన్ని తాళ్ళతో లాగి, చెక్క ఒంటిని చీల్చి తియ్యాల్సి వచ్చింది. తిరుగు ప్రయాణంలో పడవలో ఒకరు తమ భాషలో చర్చి పాట ఎత్తుకున్నారు. మిగతావాళ్ళు గొంతు కలిపారు. బారో వచ్చేదాకా ఆపలేదు.

మిషన్ ఆసుపత్రిలో డాక్టర్ హెన్రీ గ్రైస్ట్ శరీరాల్ని కడిగి, గాయాలు కుట్టి, తెల్ల గుడ్డలో చుట్టాడు. సాయం చేసినవాళ్ళలో బ్రోవర్ ఉన్నాడు. రోజర్స్ ఎవర్ని చూడ్డానికి ఇంత దూరం వచ్చాడో ఆ బ్రోవరే.

మోర్గన్ సియాటెల్‌కి సందేశం కొట్టాడు. అక్కడి నుంచి అమెరికా అంతా తెలిసిపోయింది. రోజర్స్ భార్య బెట్టీ ఆ సమయానికి ఖండానికి అవతలి కొసన మెయిన్ రాష్ట్రంలో, కూతురి దగ్గర ఉంది. కూతురు మేరీ అక్కడి నాటకశాలలో వేస్తున్న నాటకం పేరు ‘సీలింగ్ జీరో’. టపా విమానాల పైలట్లూ వాళ్ళ ప్రమాదాలూ దాని కథ. కథల్లో ఇలా రాస్తే మరీ అతికినట్టుందని సంపాదకుడు కొట్టేస్తాడు.

ఆగమని చెప్పిన జో క్రాసనే మళ్ళీ అదే మంచులోకి విమానం నడుపుకుంటూ బారోకి వచ్చి స్నేహితుల్ని తీసుకెళ్ళాడు. ఆగస్టు 22న ఒకే రోజు రోజర్స్‌కి లాస్ ఏంజిలిస్‌లో, పోస్ట్‌కి ఓక్లహామా సిటీలో అంత్యక్రియలు జరిగాయి. రోజర్స్ సినిమాలు రెండు ఇంకా విడుదలకి సిద్ధంగా ఉన్నాయి. ఆ సంవత్సరమే విడుదల చేశారు, జనం వెళ్ళి నవ్వారు.

తర్వాత విచారణ. ఇంజిన్ ఎందుకు ఆగిందో ఖాయంగా ఎవరూ తేల్చలేకపోయారు. కార్బ్యురేటర్‌లో మంచు పేరుకుని ఉండవచ్చన్నారు. ఆగి ఉన్న ఇంజిన్ చల్లబడి, పూర్తిగా కాగకముందే లేచి ఉండవచ్చన్నారు. పెట్రోలు అయిపోయిన ట్యాంకు నుంచి మార్చుకోవడం మరిచాడేమో అని తర్వాత కాలంలో కొందరు వాదించారు. మంచులో గంటల తరబడి తిరిగినవాడికి అది అసాధ్యమేమీ కాదు. ఈ వాదం ఇప్పటికీ సాగుతూనే ఉంది.

అయితే బ్యూరో ఆఫ్ ఎయిర్ కామర్స్ విచారణ బృందం తేల్చిన కారణం ఇంజిన్ దగ్గర ఆగలేదు. ఇంజిన్ హఠాత్తుగా ఆగాక, తక్కువ ఎత్తులో విమానం అదుపు తప్పింది; అదుపు తప్పడానికి కారణం ముక్కు విపరీతమైన బరువు అని రాశారు. నాకు ఆ కాగితంలో నచ్చింది ఈ వరసే. ఇంజిన్ ఆగడం ఆ రోజు సాయంత్రం జరిగిన సంగతి. ముక్కు బరువు నెలల కిందటే బర్‌బ్యాంక్‌లో మొదలై, సియాటెల్‌లో ఫ్లోట్ల కోసం ఆగనందువల్ల పూర్తయిన సంగతి. అలాస్కా అంతటా దిగిన ప్రతిసారీ పోస్ట్ చేతికి అది తగులుతూనే ఉంది. పొగమంచుని తిట్టుకుని లాభం లేదు, మంచులోంచి వాళ్ళు క్షేమంగానే బయటపడి మడుగులో దిగారు. అక్కడే ఆ రాత్రి గుడారంలో పడుకుని ఉంటే ఒక్‌పియాహా వద్దనేవాడు కాదు.

బారో పేరు 2016లో మారింది. ఇప్పుడు ఉట్కియాగ్విక్, ఆ ఊరివాళ్ళ పాత పేరే. అక్కడి విమానాశ్రయానికి మాత్రం వైలీ పోస్ట్, విల్ రోజర్స్ ఇద్దరి పేరూ కలిపి పెట్టారు. ఓక్లహామా సిటీలో వేరుచేశారు. పెద్ద జెట్‌లు దిగే విమానాశ్రయానికి రోజర్స్ పేరు, ఊరి పక్క చిన్న విమానాలు ఎగిరే దానికి పోస్ట్ పేరు. ప్రయాణికుడికి పెద్దదీ, పైలట్‌కి చిన్నదీ. పంచినవాళ్ళెవరో ఆలోచించే పంచారనుకుంటాను. ప్రమాదంలో పడి చనిపోయిన ఇద్దరు మనుషుల పేర్లు విమానాశ్రయాలకి పెట్టడం ఏమిటని బయటివాళ్ళు నవ్వుతారు. రోజర్స్ బతికి ఉంటే ముందు ఆయనే నవ్వేవాడు, ఆ పూట నాలుగు వాక్యాలు ఆ ముక్క మీదే పంపేవాడు.